కంపెనీ వీడియో: ముందు ఎవరి నోట, ఆ తర్వాతే ఏ రూపం

ఫోను ఎత్తగానే వినిపించే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "రెండు నిమిషాల వీడియో కావాలి, ఎంతవుతుంది?" బట్టల దుకాణంలోకి వెళ్ళి నాలుగు మీటర్ల గుడ్డ ఎంత అని అడిగినట్టుంటుంది ఇది. నూలా, పట్టా? చొక్కాకా, కిటికీ తెరలకా? ఆ సంగతి తేలకుండా చెప్పే ధర ఏదైనా అబద్ధమే.

నేను పదకొండేళ్లుగా బెంగళూరులో కంపెనీలకు వీడియోలు తీస్తున్నాను. పీణ్యలో పాతికమంది పనిచేసే షెడ్డు మొదలుకుని అవుటర్ రింగ్ రోడ్డు మీది గాజు మేడల వరకూ తిరిగాను. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి చిన్న పరిశ్రమలు పెట్టుకున్నవారు, మారతహళ్ళి చుట్టూ స్థిరపడిన ఐటీ మేనేజర్లు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో అద్దె గదిలో స్టార్టప్ నడిపే కుర్రవాళ్లు. వీరందరికీ ఒకే చిక్కు. యజమానిని కూర్చోబెట్టి మాట్లాడించాలా, పనివాళ్ల కథ తీయాలా, యానిమేషన్ చేయించాలా, ఫోనుతో కానిచ్చేయాలా, ఈమధ్య అందరూ చెబుతున్న కృత్రిమ మేధ బొమ్మతో చెప్పించాలా?

అసలు వీడియో అవసరమా అన్నది ఈ జాబితాలో ఎవరూ రాయని ప్రశ్న. సెలవుల పట్టిక, క్యాంటీన్ వేళల మార్పు, కొత్త ఫారం నింపాల్సిన గడువు వంటివి కాగితం మీద బాగుంటాయి. మనిషి మళ్ళీ మళ్ళీ వెతుక్కుని చూసుకునే సమాచారాన్ని వీడియోలో పెడితే, ఆ ఒక్క తేదీ కోసం గీతను ముందుకూ వెనక్కూ జరుపుతూ తిట్టుకుంటారు. ఇలా చెప్పి నా చేతి పని నేనే పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. అలా వెనక్కి పంపినవారే తర్వాత పెద్ద పనితో తిరిగొచ్చారు కాబట్టి నష్టం లేదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ మాట ఎవరి నోట వస్తే వినేవారు నమ్ముతారన్నది. ఈ నెల జీతం వారం ఆలస్యమవుతుందన్న మాట యజమాని నోటే రావాలి. కొత్త ప్రెస్ యంత్రం ప్రమాదం లేనిదన్న మాట యజమాని నోట వస్తే ఎవరూ చెవిన పెట్టరు; రోజుకు ఎనిమిది గంటలు దాని మీద చేతులు పెట్టేవారు చెప్పాలి. పాత కంపెనీ ప్రావిడెంట్ ఫండ్‌ను కొత్త ఖాతాకు మార్చుకోవడం ఎలాగన్నది మాత్రం ఎవరు చెప్పినా ఒకటే, అక్కడ కావలసింది స్పష్టత ఒక్కటే. చూశారా, మూడు మాటలకు మూడు రూపాలు వాటంతట అవే తేలిపోయాయి. ఈ ప్రశ్న దాటవేసి కెమెరా ఏది, డ్రోన్ ఉందా అని మొదలుపెట్టిన పని ఏదీ నాకు తెలిసి కుదురుగా ముగియలేదు.

తర్వాతది ఆయుష్షు. ఈ వీడియో ఎన్నాళ్ళు బతకాలి? కొత్తగా చేరినవారికి చూపేది మూడేళ్లు నిలవాలి. పండగ శుభాకాంక్షలది మూడు రోజులు. మూడు రోజుల దానికి మూడు వారాలు తీయకూడదు.

ఎక్కడ చూస్తారన్నది మూడోది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన కంపెనీ బస్సులో చెవిలో ఏమీ పెట్టుకోకుండా ఫోనులో చూస్తారా? నోరు నొక్కేసిన క్యాంటీన్ టీవీలోనా? తలుపులు మూసిన శిక్షణ గదిలోనా? మొదటి రెండింటికీ మాట వినపడదు. తెర మీది అక్షరాలే మాట.

భాషల లెక్క బెంగళూరులో తప్పనిది. ఒకే షెడ్డులో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఒడియా వినిపించడం ఇక్కడ మామూలే. రెండు భాషలు దాటితే కొన్ని రూపాలు భారమవుతాయి, కొన్ని తేలికగా సర్దుకుంటాయి. చివరిది, తప్పు దొర్లితే దిద్దుకోవడానికి ఎంతవుతుందన్నది. దీన్ని ముందు ఎవరూ అడగరు, తర్వాత అందరూ అడుగుతారు.

డబ్బు ఈ వరుసలో ఎందుకు లేదంటే అది వీటి వెనకే నడుస్తుంది. ఎన్ని రోజుల పని, ఎంతమంది మనుషులు అన్నదే ఖర్చు. అందుకే కింది పట్టికలో రూపాయలకు బదులు నా చేతిలో పట్టే రోజులు రాశాను. మీకు వచ్చే కొటేషన్లను కూడా రోజుల్లోకి మార్చి చదవండి. అడుగున సన్నటి అక్షరాల్లో 18 శాతం జీఎస్టీ అదనమని ఉందేమో కూడా చూసుకోండి.

| రూపం | ఎవరి మాట | ఆయుష్షు | భాషలు పెంచడం | తప్పు దిద్దడం | రెండు నిమిషాలకు నాకు పట్టే సమయం |
|---|---|---|---|---|---|
| యజమాని ప్రసంగం | పై అధికారి | ఆయన ఉన్నంత కాలం | ఉపశీర్షికలతో సరి | మళ్ళీ కూర్చోబెట్టాలి | 4–5 రోజులు |
| పనిచేసేవారి కథ | తోటి మనిషి | చాలా ఎక్కువ | ఉపశీర్షికలు మేలు, డబ్బింగ్ వద్దు | కష్టం | 2–3 వారాలు |
| యానిమేషన్ | ఎవరిదీ కాదు | ఎక్కువ | చాలా సులభం | చిన్నదైతే సులభం | 3–4 వారాలు |
| ఫోను వీడియో | తీసినవారిది | కొద్ది రోజులు | కష్టపడనవసరం లేదు | మళ్ళీ తీయడమే | ఒక పూట |
| ప్రత్యక్ష ప్రసారం | ముఖాముఖి | ఆ గంట వరకే | కష్టం | వీలుకాదు | 2–3 రోజుల ఏర్పాటు |
| కృత్రిమ మేధ బొమ్మ | యంత్రం | మధ్యస్థం | అన్నిటికంటే సులభం | వాక్యం మార్చడమే | 1–2 రోజులు |

పట్టికలో అన్నీ ఒకే ఎత్తున కనిపిస్తాయి. పని మొదలుపెట్టాక అలా ఉండవు.

## యజమాని కెమెరా ముందు

అందరూ మొదట కోరేది ఇదే, ఎక్కువగా తేలిపోయేదీ ఇదే. మంచి మనిషి, సిబ్బందితో టీ తాగుతూ గంట సేపు నవ్వుతూ మాట్లాడగలిగే మనిషి, కెమెరా ఎర్రదీపం వెలగగానే పంద్రాగస్టు ఉపన్యాసం మొదలుపెడతాడు. చదవాల్సిన మాటలు కెమెరా ముందు తెర మీద నడిపించే టెలిప్రాంప్టర్ పెడితే కళ్లు ఎడమ నుంచి కుడికి నడుస్తూ కనబడతాయి.

దీనికి విరుగుడు మన బుర్రకథలోనే ఉంది. కథకుడు ఒక్కడే కథ చెప్పడు, పక్కన ఇద్దరు వంతలుంటారు. "తందాన" అనడంతో వారి పని అయిపోదు. హాస్యపు వంత జనం మనసులో మెదిలే పిచ్చి ప్రశ్న అడుగుతాడు, రాజకీయపు వంత ఆనాటి సంగతులు తెచ్చి ముడిపెడతాడు. యజమానికి కూడా ఒక వంత కావాలి. కెమెరా పక్కన కుర్చీలో ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి నిజం ప్రశ్నలు అడిగించండి. "ఈ ఏడాది కూడా బోనస్ లేదా సార్?" అన్న ప్రశ్నకు ఆయన ముఖంలో వచ్చే తడబాటు, ఆ తర్వాత వచ్చే జవాబు, రాసిచ్చిన ఏ ఉపన్యాసంలోనూ దొరకవు. ప్రశ్నను తర్వాత కత్తిరించినా ఫరవాలేదు, జవాబు మాత్రం మాటలా ఉంటుంది.

ఏ భాషలో మాట్లాడాలని తెలుగు యజమానులు తరచూ అడుగుతారు. ఆంగ్లం హుందాగా ఉంటుందని వారి బెంగ. మీరు మనసులో లెక్కలు ఏ భాషలో వేసుకుంటారో అందులోనే మాట్లాడండి, మిగతాది ఉపశీర్షికలు చూసుకుంటాయి అంటాను. ఒక్క షరతు: మొదటి రెండు వాక్యాలు కన్నడంలో, శుభ్రంగా నేర్చుకుని, చీటీ చూడకుండా చెప్పాలి. ఈ ఊళ్ళో అన్నం తింటున్నవాళ్ళం, ఆ మాత్రం మర్యాద మన వంతు. పనివాళ్లు ఆ రెండు వాక్యాలను గుర్తుంచుకుంటారు.

నిడివికి నా లెక్క నిమిషానికి నూరు తెలుగు మాటలు. ఆంగ్లంలో ఇంకొన్ని ఎక్కువ పడతాయి. మన మాటలు సంధులతో పొడుగ్గా ఉంటాయి కదా. రెండు నిమిషాలకని మూడు పేజీలు రాసుకొస్తే రెండు పేజీలు అక్కడే పక్కన పెట్టించేస్తాను.

పెద్ద ముప్పు ఆయుష్షుది. ఒక కంపెనీకి కొత్త ఉద్యోగుల స్వాగత వీడియో తీశాను. ఆరు నిమిషాలు, అందులో నాలుగున్నర నిమిషాలు ఒకే పెద్దమనిషి. మూడు నెలలకు ఆయన పోటీ కంపెనీలో చేరిపోయారు. ఎక్కువ కాలం నిలవాల్సిన దాంట్లో ఒక మనిషి ముఖం నలభై సెకన్లకు మించకుండా చూసుకోవడం అప్పటినుంచి నాకు అలవాటైంది.

## పనిచేసేవారి కథ

నాకు ఇష్టమైన రూపం ఇదే, కాబట్టి నా మాటను కాస్త తగ్గించుకుని చదవండి.

పీణ్యలో ఒక యూనిట్‌లో భద్రత గురించి వీడియో తీస్తున్నాం. హిందూపురం వైపు నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒకామెను ఎంచుకున్నాం. మానవ వనరుల విభాగం రాసిచ్చిన వాక్యాలు ఆమె చేతిలో పెట్టారు. "మా సంస్థలో భద్రతకు అత్యంత ప్రాధాన్యం ఇస్తారు." ఏడుసార్లు చెప్పించాం. ఏడోసారికి ఆమె గొంతు ఎండిపోయింది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పైన వంతెన మీద మెట్రో వెళ్ళినప్పుడల్లా రికార్డింగ్ ఆపాలి, కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా ఆపాలి. ఇక చాలని దీపాలు ఆర్పించాను. కాలరు మైకు తీయడం మరిచిపోయాం.

టీ తాగుతూ ఊరికే అడిగాను, ఈ యంత్రం పాడవబోతోందని మీకెలా తెలుస్తుందమ్మా అని.

"ముందు శబ్దం మారుతుంది సార్. వేడెక్కేది తర్వాత. కొత్త పిల్లలు వేడి చూసి ఆపుతారు, అప్పటికి ఆలస్యం. నేను చెవితో ఆపుతాను."

నేను చెవితో ఆపుతాను! కెమెరా మళ్ళీ వెలిగించి, ఆమె యంత్రం పక్కన తల వంచి వింటున్న దృశ్యం తీశాం. మాట మైకులో ఉంది, బొమ్మ కెమెరాలో ఉంది. వీడియో మొత్తం ఆ నాలుగు వాక్యాల మీద నిలబడింది. ప్రాధాన్యం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఈ రూపంలో మీరు కొనేది ఇలాంటి క్షణం దొరికే అవకాశాన్ని మాత్రమే. క్షణం దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. రెండు నిమిషాల వీడియోకు మూడు నాలుగు గంటల ఫుటేజి తీయాలి, ఒక పూట కెమెరా లేకుండా మనుషులతో కూర్చోవాలి. "స్క్రిప్టు ముందే ఆమోదించాలి" అనే సంస్థకు ఈ రూపం పడదు. మాట ముందే రాసుంటే అది కథ కాదు, పాఠం అప్పజెప్పడం. మీ దగ్గర ఐదుగురు అధికారులు సంతకం పెడితే తప్ప ఏదీ బయటికి వెళ్లదా? అయితే యానిమేషన్ వైపు నడవండి, అందరికీ ఆరోగ్యం.

డబ్బింగ్ మాత్రం చేయించకండి. ఆమె గొంతు తీసేసి చెన్నై స్టూడియో నుంచి వచ్చిన తీయని గొంతు పెడితే, నమ్మకం అనే ఒక్క సరుకు కోసం మీరు పెట్టిన ఖర్చంతా పోతుంది. హిందీ వారికి హిందీ అక్షరాలు, ఒడియా వారికి ఒడియా అక్షరాలు కింద వేయండి. చదవలేనివారు ఉంటే, ఆమె గొంతును కొంచెం తగ్గించి దాని మీద మరో గొంతుతో అర్థం చెప్పించవచ్చు, రేడియో వార్తల్లో చేసినట్టు.

ఒప్పుకోలు తప్పనిసరి, అదీ కాగితం మీద, ఆమెకు తెలిసిన భాషలో. పై అధికారి పక్కన నిలబడి ఉండగా "మీకు ఇష్టమేనా" అంటే కాదనేవారు ఎవరు? వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ముఖం, గొంతు ఆ మనిషివే. ఉద్యోగం మానేశాక వీడియో ఉంచుతారా తీసేస్తారా అన్నది కూడా అదే కాగితంలో రాయండి.

## యానిమేషన్

కంటికి కనబడనివి చూపాలంటే దీనికి సాటి లేదు. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళుతుంది, డేటా ఎక్కడ భద్రంగా ఉంటుంది, గొట్టం లోపల ద్రవం ఎలా ప్రవహిస్తుంది వంటివాటికి కెమెరా పనికిరాదు. భాష మార్చాలంటే గొంతు మార్చి తెర మీది అక్షరాలు మారిస్తే చాలు. సంఖ్య మారితే ఒక్క ముక్క మార్చుకోవచ్చు, ప్రాజెక్టు ఫైలు మీ దగ్గర ఉంటే.

బొమ్మలతో చెప్పడం మనకు కొత్తేమీ కాదు. బెంగళూరుకు ఉత్తరాన కొద్ది గంటల దూరంలో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు కోస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంత గొప్పగా మాట్లాడినా, మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి గోల చేస్తేనే జనం నిద్ర వదిలి కూర్చునేది. కంపెనీ యానిమేషన్లలో ఆ కేతిగాడే ఉండడు. అందరూ సన్నగా, నీలి చొక్కాలో, ముక్కు లేని ముఖంతో, ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతూ ఉంటారు. ఒక పాత్ర తప్పు చేయనివ్వండి. ఫారం తప్పుగా నింపి నాలుక కరుచుకునే పాత్ర ఒక్కటుంటే మిగతా వీడియో గుర్తుంటుంది.

దీన్ని వాడకూడని చోటు ఒకటుంది. ఒక సంస్థ రాత్రి పాళీవారి క్యాబ్ సౌకర్యం తగ్గిస్తోంది. ఆ కబురు చెప్పడానికి ముద్దుగా ఉండే యానిమేషన్ చేయించారు, నేనే చేశాను. వెనకాల ఉల్లాసమైన తీగ వాద్యం. బొమ్మ అమ్మాయి నవ్వుతూ నడిచి బస్టాపుకు వెళుతుంది. రాత్రి పదకొండింటికి బెల్లందూరులో నిజంగా నడవాల్సిన అమ్మాయిలకు అది ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. రెండు రోజుల్లో వీడియో తీసేశారు, క్షమాపణగా ఒక అధికారి ఫోనులో మామూలుగా మాట్లాడి పెట్టారు. చెడు కబురుకు ముఖం కావాలి. యానిమేషన్‌కు ముఖం ఉండదు.

## ఫోను వీడియో

చిన్నచూపు చూడకండి. పైన చెప్పిన ఆ క్షమాపణ ఫోనుతో తీసిందే, అదే పని చేసింది. వారం వారం చెప్పే కబుర్లు, కొత్త ఆర్డరు వచ్చిన సంతోషం, వర్షానికి గోదాములో నీళ్లు చేరిన సంగతి వంటివన్నీ ఫోనుకే తగినవి. వీటికి కెమెరా బృందాన్ని పిలిస్తే బృందం వచ్చేసరికి కబురు పాతబడుతుంది.

దీనికి నేర్చుకోవలసింది కొంచెమే.

మైకు ముఖ్యం, కెమెరా కాదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట గిన్నెలో మాట్లాడినట్టు ఉంటే పది సెకన్లలో వదిలేస్తారు. కాలరుకు పెట్టే చిన్న మైకు ఒకటి కొనండి, తీసేటప్పుడు ఏసీ కట్టేయండి.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ట్యూబులైట్లు, ఎల్ఈడీల కింద ఫోను సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే తెర మీద చారలు పాకుతాయి, వెలుగు కొట్టుకుంటుంది. సెట్టింగుల్లో 25 ఫ్రేములు ఉంటే అది ఎంచుకోండి. షట్టరు చేతితో మార్చగలిగితే 50వ వంతు సెకను లేదా 100వ వంతు సెకను పెట్టండి. ఫ్యాక్టరీ వీడియోల్లో సగం జబ్బు దీంతోనే పోతుంది.

గాజు కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, కిటికీ వైపు తిరగండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిపేసి పంపుతుంది. డాక్యుమెంటుగా జతచేస్తే 2 జీబీ వరకూ ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. ఫోనులో చూసేవారికి నిలువుగా, టీవీలో వేసేదైతే అడ్డంగా తీయండి. రెండింటికీ ఒకటే తీసి తర్వాత కత్తిరించుకుందామనుకుంటే రెండూ చెడతాయి. చివరిగా, లెన్సు తుడవండి. నవ్వకండి, పదిమందిలో ఎనిమిదిమంది తుడవరు.

## ప్రత్యక్ష ప్రసారం

దీని బలం ఒక్కటే, ప్రశ్న అడగవచ్చు. ప్రశ్నలు ముందే రాయించుకుని, నచ్చినవి ఏరుకుని జవాబిచ్చేటట్టయితే ప్రత్యక్షం అక్కర్లేదు, రికార్డు చేసి పంపండి. నిజంగా అడగనిచ్చే ధైర్యముంటే విలీనం, ఆఫీసు తరలింపు, జీతాల పద్ధతి మార్పు వంటివాటికి ఇంతకంటే మంచిది లేదు. రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, యూపీఎస్, ప్రశ్నలు చదివి వినిపించడానికి ఒక మనిషి ఉండాలి. ఏప్రిల్, మే సాయంత్రాలు పెట్టుకోకండి. బెంగళూరులో ఆ వేళకు ఉరుము, దాని వెనకే కరెంటు కోత.

## కృత్రిమ మేధ బొమ్మ

సింథీజియా, హేజెన్ వంటి సాధనాల్లో వాక్యాలు టైపు చేస్తే తెర మీద ఒక మనిషి బొమ్మ వాటిని పలుకుతుంది. నెలకోసారి మారే సాఫ్ట్‌వేర్ శిక్షణ పాఠాలు ఆరు భాషల్లో కావాలంటే ఇంకే రూపమూ దీనితో పోటీపడలేదు. వాక్యం మార్చి మీట నొక్కితే చాలు.

తెలుగు దగ్గరే తంటా. మనం "చాలా" అన్నప్పటి చ, "చిలుక" అన్నప్పటి చ ఒకటి కాదు. పాత పుస్తకాల్లో దీనికి ౘ అని వేరే అక్షరమే ఉంది. నేను విన్న కొన్ని యంత్రపు గొంతులు "చాలా", "చూడండి", "చోటు" అన్నిటినీ చిలుక చ తోనే పలికాయి. వినేవారు తప్పు ఎక్కడుందో చెప్పలేరు గానీ, ఈవిడ మన మనిషి కాదని మూడో వాక్యానికే గ్రహిస్తారు. సంఖ్యలు, సంక్షిప్త నామాలు ఇంకో తలనొప్పి. అంకెల్లో కాక అక్షరాల్లో రాసిస్తే కొంత నయం.

పాఠం చెప్పడానికి సరే. కానీ యజమాని ముఖాన్నీ గొంతునూ అచ్చుపోసి ఆయన బదులు సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పించడం ఈమధ్య అడుగుతున్నారు. కృతజ్ఞత చెప్పడానికి కూడా తీరిక లేదని చెప్పినట్టు అవుతుంది. నేను ఆ పని తీసుకోవడం లేదు. వాడితే, ఇది యంత్రం చేసిన బొమ్మ అని తెర మీద రాసి వాడండి.

## మీరు ఎవరైతే ఏది

పాతిక నుంచి వందమంది ఉన్న చిన్న యూనిట్ మీదైతే, ఏడాదికి ఒక్క మంచి పనివాళ్ల కథ తీయించండి. మిగతాదంతా ఫోనుతో కానివ్వండి. ఆ ఒక్కటే కొత్త పనివారిని చేర్చుకునేటప్పుడూ, కొనుగోలుదారు షెడ్డు చూడటానికి వచ్చినప్పుడూ పనికొస్తుంది. యజమాని ప్రసంగం మీకు అక్కర్లేదు. మీరు రోజూ వాళ్ల మధ్యే తిరుగుతారు, ఎదురుగా చెప్పండి.

వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో వేలమంది ఉన్న సంస్థలో మానవ వనరుల విభాగం చూసేవారికి చిక్కు వేరు. మీకు కొరత డబ్బుది కాదు, నమ్మకానిది. పద్ధతులూ నియమాలకు యానిమేషన్, తరచూ మారే శిక్షణకు కృత్రిమ మేధ బొమ్మ, కష్టమైన కబురుకు ప్రత్యక్ష ప్రసారం అని పంచుకోండి. యజమాని వీడియోలు ఏడాదికి నాలుగు మించనివ్వకండి. ఐదోది వచ్చేసరికి ఎవరూ తెరవరు.

స్టార్టప్ వారు మొదటి రోజే యానిమేషన్ అడుగుతారు. మీ సరుకు ఇంకా నెలకోసారి రూపు మారుతోంది కదా? ఆ మార్పులు తగ్గేదాకా ఆగండి. స్థాపకులు స్వయంగా ఫోను పట్టుకుని, తెర మీద వేలు పెట్టి ఎలా పనిచేస్తుందో చూపిన ఒకటిన్నర నిమిషం వీడియో పెట్టుబడిదారుకూ మొదటి కస్టమరుకూ సరిపోతుంది. సరుకు కుదురుకున్నాక బొమ్మలు వేయించుకోవచ్చు.

రెండు రూపాల మధ్య ఎటూ తేలకపోతే, తక్కువ రోజులు పట్టేది ముందు తీయండి. అది చూసినవారు అడిగే ప్రశ్నలే రెండోదానికి స్క్రిప్టు.

## ఏది తీసినా తప్పనివి

తెలుగు అక్షరాలను తెర మీద వేశాక మీ కళ్లతో చదవండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల ఎంపిక ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోతాయి. "శ్రద్ధ" అన్న మాట "శ్‌రద్‌ధ" అయి కూర్చుంటుంది. కంపెనీ గేటు దగ్గర టీవీలో అలా వారం రోజులు నడిచిన వీడియో నాకు తెలుసు. ఎడిటర్ ఢిల్లీవాడు, అతనికి రెండూ ఒకేలా కనబడ్డాయి. మన అక్షరాలకు కిందా పైనా చోటు ఎక్కువ కావాలి, కాబట్టి వరుసల మధ్య దూరం ఆంగ్లానికి పెట్టినదానికంటే పెంచండి. రెండు వరుసలు మించకూడదు.

సినిమా పాట వెనక పెడదామా అని అడగనివారు లేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద పాటకూ, ఆ రికార్డింగుకూ విడివిడిగా హక్కులుంటాయి. యూట్యూబ్‌లో పెట్టిన మరుక్షణం దాని యంత్రాంగం పాటను పట్టుకుంటుంది. లైసెన్సు ఇచ్చే సంగీత భాండాగారాల్లో కొని, రసీదు దాచుకోండి.

డ్రోన్ షాటు కూడా అంతే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల వరకూ ఏదో ఒక ఆంక్ష ఉంటుంది. బెంగళూరులో విమానాలు దిగే హెచ్ఏఎల్, యలహంక, జక్కూరు, దేవనహళ్ళి చుట్టూ ఆ వలయాలు గీసుకుంటే ఊళ్ళో మిగిలేది ఎంత? డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో మీ చిరునామా ఏ రంగులో ఉందో చూశాకే మాట్లాడండి. మారతహళ్ళిలో ఆఫీసు పెట్టుకుని డ్రోన్ అడిగితే మేడ మీద నుంచి తీస్తానని చెబుతాను.

ఇక ఒప్పందంలో రాయించుకోవాల్సింది ఒకటి ఉంది: ముడి ఫుటేజి, ప్రాజెక్టు ఫైళ్లు, అక్షరాలు లేని శుభ్రమైన కాపీ, సంగీతం లేని మాటల ట్రాకు. ఇవన్నీ ఒక హార్డ్‌డిస్కులో మీ బీరువాలో ఉండాలి, ఇంకో కాపీ తీసినవారి దగ్గర. పోటీ కంపెనీకి వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషి వీడియోను తర్వాత మేం బతికించుకోగలిగింది ఆ డిస్కు వల్లే. ఆయన ముఖం ఉన్న నాలుగున్నర నిమిషాలు తీసేసి, వెనకాల పని చేస్తూ కనబడినవారి ఫుటేజి వెతికితే, రెండో రోజు మధ్యాహ్నం భోజనం డబ్బాలు విప్పుకుంటూ నలుగురు మాట్లాడుకుంటున్న పదకొండు నిమిషాలు దొరికాయి. మొదటిసారి ఎడిటింగ్‌లో దాన్ని ఎవరూ తెరిచి కూడా చూడలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవారికి చూపుతున్నది అదే.